సమ్మె చేయకూడని యూనియన్: జైలు ఆఫీసర్ల తరఫున ఎవరు, ఎంతవరకు?

పోయిన ఎపిసోడ్ చివర్లో క్వీన్స్ నుంచి ఒక అక్క పంపిన వాయిస్ మెసేజ్ వినిపించాం, గుర్తుందా? వాళ్ల అబ్బాయి న్యూయార్క్ సిటీ కరెక్షన్ ఆఫీసర్ పరీక్ష రాశాడు, లిస్టులో పేరు వచ్చింది. "రైకర్స్ అంటే భయంగా ఉంది తమ్ముడూ, కానీ యూనియన్ చాలా గట్టిదంట, ఏమన్నా అయితే వాళ్లే చూసుకుంటారంట, నిజమేనా?" అని అడిగింది. ఆరోజు మేము రెండు నిమిషాల్లో ఏదో చెప్పేసి ముగించాం. రెండు నిమిషాల్లో తెమిలే విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాను. ఐటీఐ చదివి, కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పని చేసుకునేవాణ్ణి. కాకపోతే ఈ దేశంలో యూనియన్ అంటే ఏంటో రోజూ చూస్తుంటా. మా సైట్‌లో షాప్ స్టీవార్డ్ ఉంటాడు. కార్మికుల్లో ఒకడే, కానీ యూనియన్ తరఫు మనిషి. పరంజా సరిగ్గా లేదంటే వచ్చి నా ముందు నిలబడతాడు. నేను వినకపోతే పని ఆగుతుంది. ఆ "పని ఆగుతుంది" అన్న మాటలోనే వాళ్ల బలం అంతా ఉంది. జైలు ఆఫీసర్ల యూనియన్ చేతిలో లేనిదీ అదే. మిగతా కథ అంతా అక్కడినుంచే పుడుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మనం అన్నిటినీ జైలు అనే అంటాం. ఇక్కడ జైలు వేరు, ప్రిజన్ వేరు. కేసు ఇంకా తేలని వాళ్లను, అంటే మన భాషలో రిమాండ్ ఖైదీలను, చిన్న శిక్షలు పడ్డవాళ్లను పెట్టేది జైలు. దాన్ని సిటీ గానీ కౌంటీ గానీ నడుపుతుంది. పెద్ద శిక్ష పడ్డాక పంపేది ప్రిజన్, దాన్ని రాష్ట్రం నడుపుతుంది. మన దగ్గర సబ్ జైలుకూ చర్లపల్లి లాంటి సెంట్రల్ జైలుకూ ఉన్న తేడాకి కాస్త దగ్గరగా ఉంటుంది, కానీ ఇక్కడ యజమానులే వేరు. యజమాని మారితే యూనియన్ కూడా మారుతుంది. రైకర్స్ ఐలాండ్ సిటీ జైలు. అక్కడి ఆఫీసర్ల యూనియన్ పేరు కరెక్షన్ ఆఫీసర్స్ బెనివొలెంట్ అసోసియేషన్, అందరూ "కోబా" అంటారు. కెప్టెన్లకు వేరే యూనియన్. రాష్ట్ర ప్రిజన్ల ఆఫీసర్లకు ఇంకో యూనియన్, దాన్ని "నిస్కోప్‌బా" అంటారు. టీవీలో "జైలు ఆఫీసర్ల సమ్మె" అని వచ్చినప్పుడు అది ఎవరి గురించో చూసుకోవాలి. అక్క వాళ్ల అబ్బాయి చేరబోయేది కోబాలో.

సమ్మె ఎందుకు లేదు?

1966 జనవరిలో న్యూయార్క్‌లో బస్సులు, సబ్‌వే నడిపేవాళ్లు సమ్మె చేస్తే ఊరు పన్నెండు రోజులు స్తంభించింది. ఆ దెబ్బకు రాష్ట్రం ప్రొఫెసర్ జార్జ్ టేలర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసి, 1967లో ఒక చట్టం తెచ్చింది. దాన్ని టేలర్ లా అంటారు. ఇది ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్న చట్టం. ప్రభుత్వ ఉద్యోగులకు యూనియన్ పెట్టుకునే హక్కు, జీతభత్యాల మీద బేరమాడే హక్కు ఇచ్చింది. సమ్మె హక్కు తీసేసింది. సమ్మె చేస్తే ఎన్ని రోజులు చేశావో ఆ రోజుల జీతం ఎలాగూ రాదు, దాని మీద రోజుకు ఒక రోజు చొప్పున జరిమానా. అంటే ఒక రోజుకి రెండు రోజుల జీతం పోతుంది. యూనియన్‌కి కూడా శిక్ష ఉంది: జీతంలోంచి చందా నేరుగా కోసి ఇచ్చే సౌకర్యం ఆపేయొచ్చు. కోర్టు ఆర్డర్ ధిక్కరిస్తే నాయకులు జైలుకి కూడా పోవచ్చు. (జైలు ఆఫీసర్ల నాయకుడు జైలుకి పోతే అక్కడ డ్యూటీ ఎవరు చేస్తారో మరి.)

జైలు విషయంలో ఈ నిషేధం ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. మా సైట్‌లో పని ఆగితే కాంక్రీట్ ట్రక్కు వెనక్కి పోతుంది, డబ్బు పోతుంది, అంతే. జైల్లో పని ఆగితే లోపల తాళం వేసున్న మనిషికి అన్నం అందదు. షుగర్ ఉన్నవాడికి ఇన్సులిన్ అందదు. కోర్టుకి పోవాల్సినవాడు పోడు. రైకర్స్‌లో ఉన్నవాళ్లలో అత్యధికులు ఇంకా నేరం రుజువు కాని వాళ్లే.

సమ్మెకు బదులుగా ఏమిచ్చారు? బేరం కుదరకపోతే తటస్థ ప్యానెల్ ముందుకి పోవచ్చు. సిటీ ఉద్యోగుల కోసం 1967లోనే ఆఫీస్ ఆఫ్ కలెక్టివ్ బార్గెయినింగ్ అని ఒక సంస్థ పెట్టారు. ఇంకో రక్షణ 1982లో వచ్చింది, ట్రైబరో సవరణ అంటారు. కాంట్రాక్టు గడువు అయిపోయినా కొత్తది వచ్చేదాకా పాత షరతులే నడుస్తాయి. చిన్నగా కనిపిస్తుంది గానీ చాలా పెద్ద విషయం. పాత కాంట్రాక్టులో మంచి షరతు ఒకటి పడిందంటే, సిటీ దాన్ని మళ్లీ వెనక్కి తీసుకోవాలంటే యూనియన్ ఒప్పుకోవాలి, లేదా ప్యానెల్ దాకా పోయి గెలవాలి.

బలం ఎక్కడికి పోయింది?

బేస్‌మెంట్ గోడకి నీళ్లు కారుతుంటే లోపలివైపు ఒకచోట సిమెంట్ పూస్తారు కొందరు. అక్కడ ఆగుతుంది, పక్కన రెండడుగుల దూరంలో కారుతుంది. బయట మట్టిలో ఒత్తిడి అలాగే ఉంది కదా. సమ్మె మూసేస్తే జరిగేది కూడా ఇదే. కోబా బలం మూడు దారుల్లో బయటికి వచ్చింది: కాంట్రాక్టులోని సెలవు, డ్యూటీ రూల్స్, క్రమశిక్షణ కేసుల్లో వాదన, రాజకీయం.

సెలవు సంగతి చూద్దాం. న్యూయార్క్ సిటీలో పోలీసులకు, ఫైర్ వాళ్లకు, కరెక్షన్ ఆఫీసర్లకు కాంట్రాక్టు ప్రకారం సిక్ లీవ్‌కి పరిమితి లేదు. దెబ్బలు తగిలే ఉద్యోగాలు కాబట్టి న్యాయంగానే అడిగి తెచ్చుకున్నారు. ఖైదీ చేతిలో చెయ్యి విరిగినవాడు "నా సెలవులు అయిపోయాయి" అని కట్టుతో డ్యూటీకి రాకూడదు కదా.

అదే రూల్ 2021లో ఏమైందో చూడండి. ఆ ఏడాది రైకర్స్‌లో ఖైదీల కంటే ఆఫీసర్లే ఎక్కువమంది ఉన్నారు, కాగితం మీద. అయినా వార్డులు కాపలా లేకుండా ఉండిపోయాయి. ఆ వేసవిలో దాదాపు మూడో వంతు మంది సిక్‌లోనో, ఖైదీలతో పని చేయకూడదన్న మెడికల్ చిట్టీ మీదనో, చెప్పకుండానో డ్యూటీకి దూరంగా ఉన్నారు. మరి వచ్చినవాళ్ల పరిస్థితి? ఎనిమిది గంటల డ్యూటీ అయ్యాక రిలీవర్ రాడు. రిలీవర్ రాకుండా పోస్ట్ వదిలి పోకూడదు. ఇంకో ఎనిమిది, ఆ తర్వాత ఇంకో ఎనిమిది. ట్రిపుల్ షిఫ్ట్ అంటారు, ఇరవై నాలుగు గంటలు నిలబడటం. అలా రెండుసార్లు చేసినవాడికి మూడోసారి నిజంగానే జ్వరం వస్తుంది. వాడూ సిక్ పెడతాడు. పక్కవాడి మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఆ సెప్టెంబర్‌లో మేయర్ డి బ్లాసియో ప్రభుత్వం కోబా మీద కోర్టుకెళ్లింది, ఇది ముసుగు వేసుకున్న సమ్మె అని. యూనియన్ మాత్రం తాము ఎవర్నీ మానమనలేదని, మనుషుల్ని తీసుకోకుండా ఉన్నవాళ్లను పిండుతున్నారని వాదించింది. గైర్హాజరీని తాము సమర్థించడం లేదని యూనియన్ చెప్పాక, కొద్ది రోజుల్లోనే సిటీ ఆ కేసు వెనక్కి తీసుకుంది. నా లెక్కలో ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఆ ఏడాది సిటీ జైళ్ల కస్టడీలో పదిహేనుకు తక్కువ కాకుండా మనుషులు చనిపోయారు. కొన్ని చోట్ల పడిపోయిన మనిషిని చూడాల్సిన పోస్ట్‌లో ఎవరూ లేరు. ఖైదీలకు యూనియన్ లేదు కాబట్టి బేరం జరిగేటప్పుడు ఆ టేబుల్ దగ్గర వాళ్ల మాట అనేవాడు ఎవడూ ఉండడు.

దీనికంటే ముందు, 2013 నవంబర్‌లో ఇంకో సంగతి జరిగింది. ఖైదీల్ని కోర్టులకు తీసుకెళ్లే బస్సులకు ఒకరోజు ఉన్నట్టుండి సేఫ్టీ తనిఖీలు మొదలయ్యాయి. బస్సులు కదల్లేదు. వందల మంది కోర్టుకి పోలేకపోయారు. వాళ్లలో ఒకడు ఆరోజు ఆఫీసర్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాల్సినవాడు. సేఫ్టీ తనిఖీ అనే మాటని నేను తేలిగ్గా తీసుకోను, నా ఉద్యోగమే అది. అందుకే ఇది చదివినప్పుడు ఒళ్లు మండింది. నిజంగా బ్రేకులు లేని బస్సు గురించి రేపు ఎవరైనా చెప్తే, దీని తర్వాత ఎవరు నమ్ముతారు?

తప్పు చేసినవాణ్ణి కూడా ఎందుకు కాపాడతారు?

ఇది మన శ్రోతలు చాలాసార్లు అడిగే ప్రశ్న. వీడియోలో స్పష్టంగా కొడుతూ కనిపిస్తే కూడా యూనియన్ లాయర్ వచ్చి నిలబడతాడేంటి అని.

చట్టం ప్రకారం యూనియన్ తన పరిధిలో ఉన్న అందరికీ న్యాయంగా ప్రాతినిధ్యం వహించాలి. "వీడంటే మాకు పడదు, వీణ్ణి వదిలేస్తాం" అనడానికి లేదు. రెండోది, ప్రభుత్వ ఉద్యోగికి ఉద్యోగం ఒకరకమైన ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లో లౌడర్‌మిల్ కేసులో చెప్పింది. తీసేసే ముందు ఆరోపణ ఏంటో చెప్పాలి, జవాబు వినాలి. మూడోది 1967 నాటి గారిటీ తీర్పు. "జవాబు చెప్పకపోతే ఉద్యోగం పోతుంది" అని బెదిరించి రాబట్టిన మాటల్ని తర్వాత క్రిమినల్ కేసులో ఆ ఉద్యోగి మీద వాడకూడదు. ఇక విచారణ గదిలోకి పిలిచినప్పుడు యూనియన్ మనిషిని పక్కన పెట్టుకునే హక్కు. ఇది 1975లో వైన్‌గార్టెన్ కేసులో ప్రైవేటు కార్మికులకు వచ్చింది, న్యూయార్క్ తన ప్రభుత్వ ఉద్యోగులకు కూడా చట్టంలో రాసింది. కోబాలో ఆ పక్కన కూర్చునే మనిషిని డెలిగేట్ అంటారు. మా స్టీవార్డ్ లాంటివాడే.

ఇందులో ఒక్కొక్క రూల్‌నీ విడిగా చూస్తే తప్పు పట్టలేం. రేపు మన పిల్లవాడి మీద అబద్ధపు ఫిర్యాదు వస్తే ఇవన్నీ కావాలి. కెప్టెన్‌కి నచ్చలేదని తీసేస్తే కావాలి. కానీ అన్నీ కలిపితే ఎలా తయారవుతుందో రాష్ట్ర ప్రిజన్లలో కనిపించింది. అక్కడ కాంట్రాక్టు ప్రకారం ఒక ఆఫీసర్ని తీసేయాలా వద్దా అన్న ఆఖరి మాట బయటి మధ్యవర్తిది. ఖైదీల్ని కొట్టారనో, దాన్ని కప్పిపుచ్చారనో రాష్ట్రం తీసేయాలని చూసిన కేసుల్ని మార్షల్ ప్రాజెక్ట్ అనే వార్తాసంస్థ పన్నెండేళ్లవి లెక్కగట్టి 2023లో రాసింది. తీసేయగలిగింది పదింట ఒక్కరినే. ఆ మధ్యవర్తుల్లో ప్రతివాడూ చెడ్డవాడని కాదు. సాక్షి ఖైదీ, అతని మాటకి విలువ తక్కువ. మిగతా సాక్షులు తోటి ఆఫీసర్లు, వాళ్లు నోరు విప్పరు. సాక్ష్యం లేని కేసులో యూనియన్ లాయర్ గెలుస్తాడు. ఏ లాయరైనా గెలుస్తాడు.

ఈ చోట నా అభిప్రాయం దాచుకోను. ఆలస్యంగా వచ్చాడనో, రిపోర్టు సరిగ్గా రాయలేదనో పెట్టిన కేసుల్లో మధ్యవర్తి ఉండటం మంచిది. చేతులకు బేడీలున్న మనిషిని కొట్టిన కేసులో ఆఖరి మాట కాంట్రాక్టులో బేరమాడి తెచ్చుకునే సరుకు కాకూడదు. అది జీతం లాంటిది కాదు.

ఆఫీసర్ల రికార్డుల విషయం కూడా అంతే. 50-ఏ అని ఒక సెక్షన్ ఉండేది. దాని వల్ల పోలీసులు, జైలు ఆఫీసర్లు, ఫైర్ వాళ్ల క్రమశిక్షణ రికార్డులు బయటికి వచ్చేవి కావు. 2020 జూన్‌లో రాష్ట్రం దాన్ని రద్దు చేసింది. యూనియన్లు కలిసి కోర్టుకెళ్లాయి, మరుసటి ఏడాది ఫెడరల్ అప్పీల్ కోర్టులో ఓడిపోయాయి. ఇప్పుడు చేరేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, మీ పేరు మీద పడ్డ మచ్చ ఇక బీరువాలో ఉండదు.

2025లో రాష్ట్రంలో ఏమైంది

ఇప్పుడు అసలు పరీక్ష. 2024 డిసెంబర్ 9న మార్సీ అనే రాష్ట్ర ప్రిజన్‌లో రాబర్ట్ బ్రూక్స్ అనే ఖైదీని చేతులు కట్టేసి ఉండగానే ఆఫీసర్లు కొట్టారు. మర్నాడు చనిపోయాడు. ఒంటి మీది కెమెరాలు తాము ఆన్ చేయలేదు కాబట్టి ఏమీ రికార్డు కాలేదని వాళ్లు అనుకున్నట్టుంది. శబ్దం లేకుండా అంతా రికార్డయింది. రాష్ట్రం ఆ వీడియో విడుదల చేసింది, దేశమంతా చూసింది.

రెండు నెలలకు, 2025 ఫిబ్రవరి 17న, కాలిన్స్, ఎల్మైరా ప్రిజన్లలో ఆఫీసర్లు డ్యూటీకి పోకుండా గేటు ముందు నిలబడ్డారు. చూస్తుండగా దాదాపు రాష్ట్రమంతా పాకింది. వాళ్ల కోపం దేని మీద? ఒకటి, మనుషుల కొరత, బలవంతపు ఓవర్‌టైమ్. రెండోది హాల్ట్ అనే చట్టం. 2021లో చేసి 2022 నుంచి అమలు చేసిన ఈ చట్టం, ఖైదీని ఒంటరి గదిలో పెట్టడాన్ని వరుసగా 15 రోజులకు మించకుండా కట్టడి చేసింది. దీనివల్ల ఖైదీలకు భయం పోయింది, మా మీద దాడులు పెరిగాయి అని ఆఫీసర్ల వాదన. ఒంటరి గది మనిషిని పిచ్చివాణ్ణి చేస్తుందని అటువైపు వాదన. పదహారేళ్ల వయసులో బ్యాగు దొంగతనం ఆరోపణ మీద రైకర్స్‌లో పడి, విచారణే లేకుండా మూడేళ్లు, అందులో సుమారు రెండేళ్లు ఒంటరి గదిలో గడిపి, కేసు కొట్టేశాక 2015లో ఇంట్లో ప్రాణం తీసుకున్న కలీఫ్ బ్రౌడర్ పేరు మీరు వినే ఉంటారు. ఈ ఉద్యమం చాలావరకు అతని పేరు మీదే నడిచింది.

సమ్మెకు యూనియన్ పిలుపు ఇవ్వలేదు. ఇవ్వలేదు కూడా, ఇస్తే టేలర్ లా మెడకి చుట్టుకుంటుంది. అంటే సభ్యులు యూనియన్‌ని దాటేసి పోయారు. గవర్నర్ హోకుల్ నేషనల్ గార్డ్ సైనికుల్ని దింపింది. ఇది కొత్త కాదు, 1979లో ఇదే రాష్ట్రంలో ప్రిజన్ ఆఫీసర్లు సమ్మె చేసినప్పుడూ సైనికులే నడిపారు. సమ్మె రోజుల్లో ఖైదీలు సెల్‌లలోనే ఉండిపోయారు, ములాఖత్‌లు బంద్. మార్చి 1న మిడ్-స్టేట్ ప్రిజన్‌లో మెస్సయా నాంట్వీ అనే 22 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు, కొట్టి చంపారని ఆఫీసర్ల మీద కేసులు పడ్డాయి.

22 రోజులకు, మార్చి 10న సమ్మె ముగిసింది. హాల్ట్‌లో కొన్ని భాగాలు 90 రోజులు పక్కన పెట్టడం, ఓవర్‌టైమ్‌కి ఎక్కువ రేటు లాంటివి కొన్ని దొరికాయి. గడువులోపు తిరిగి రానివాళ్లు రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అంతకుముందే వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఆపేశారు. రాష్ట్ర ఉద్యోగాల్లోకి మళ్లీ తీసుకోకూడదని గవర్నర్ ఆర్డర్ వేసింది. పది, పదిహేనేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కొరత మీద మొదలైన సమ్మె కొరతని ఇంకో రెండు వేలు పెంచింది. మిగిలినవాళ్ల మీద ఆ డ్యూటీల భారం కూడా పడింది.

అక్కకి నేను మొదట చెప్పాల్సిన మాట ఇది. యూనియన్ పిలుపు లేని సమ్మెలో పక్కవాడు పోతున్నాడని పోతే, వెనక యూనియన్ ఉండదు. ఉండడానికి చట్టం ఒప్పుకోదు.

డబ్బు, నాయకులు

కోబాని ఇరవై ఏళ్లకు పైగా, 1995 నుంచి 2016 దాకా, నార్మన్ సీబ్రూక్ నడిపాడు. మేయర్లు అతని ఫోన్ ఎత్తేవారు. జీతాలు, పెన్షన్లు అతని కాలంలోనే బాగా పెరిగాయని పాత సభ్యులు చెప్పుకుంటారు. అతనే సభ్యుల రిటైర్‌మెంట్ డబ్బుతో సహా యూనియన్ డబ్బు కోటి కాదు, రెండు కోట్ల డాలర్లు ఒక హెడ్జ్ ఫండ్‌లో పెట్టాడు. దానికి అతనికి ముట్టింది 60 వేల డాలర్ల లంచం, ఒక ఖరీదైన బ్యాగులో పెట్టి ఇచ్చారు. ఫండ్ దివాలా తీసింది. సభ్యులకు దాదాపు 1.9 కోట్ల డాలర్లు పోయాయి. 2018లో దోషి అని తేలి, మరుసటి ఏడాది 58 నెలల శిక్ష పడింది. రాత్రంతా ట్రిపుల్ షిఫ్ట్ చేసి దాచుకున్న డబ్బు అది. యూనియన్‌లో మీ బాబు చేరాక మీటింగులకు పోవాలి, లెక్కలు అడగాలి అని నేనెందుకు అంటున్నానో అర్థమైంది కదా.

2018 జూన్‌లో జేనస్ తీర్పు వచ్చాక, సభ్యుడు కానివాడు యూనియన్‌కి ఒక్క డాలర్ కట్టనక్కర్లేదు. "అయితే కట్టకుండా లాభం పొందొచ్చు కదా" అని కొందరు తెలివిగా అంటారు. న్యూయార్క్ అదే ఏడాది చట్టం మార్చింది: సభ్యుడు కానివాడి క్రమశిక్షణ విచారణకు యూనియన్ లాయర్‌ని ఇవ్వనక్కర్లేదు. మిగతా ఉద్యోగాల్లో సంగతి నాకు అనవసరం. ఎప్పుడు ఎవరు ఏ ఆరోపణ చేస్తారో తెలియని ఈ ఉద్యోగంలో చందా మిగుల్చుకోవడం హెల్మెట్ డబ్బు మిగుల్చుకున్నట్టు.

ఫెడరల్ ప్రిజన్ల వాళ్లకు ఇంకో పాఠం ఎదురైంది. 2025 మార్చిలో అధ్యక్షుడి ఆర్డర్ ఒకటి చాలా ఫెడరల్ శాఖల్లో బేరమాడే హక్కు తీసేసింది. సెప్టెంబర్‌లో ఫెడరల్ ప్రిజన్ల శాఖ యూనియన్‌తో ఉన్న కాంట్రాక్టు రద్దు చేసింది. ముప్పై వేల మందికి పైగా ఉద్యోగుల కాంట్రాక్టు. న్యూయార్క్‌లో హక్కులు రాష్ట్ర చట్టంలో ఉన్నాయి కాబట్టి అంత తేలిగ్గా పోవు. టెక్సాస్‌లో అయితే రాష్ట్ర ప్రిజన్ల ఆఫీసర్లకు కాంట్రాక్టు బేరమే లేదు. ఒకే యూనిఫాం లాంటి యూనిఫాం, ఒకే పని, రాష్ట్రాన్ని బట్టి హక్కు.

మన దగ్గర ఎలా అని హ్యూస్టన్ నుంచి ఒక అన్న అడిగాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో "కార్మికుడు" అంటే ఎవరో చెప్పేచోట, పోలీసు సర్వీసులో ఉన్నవాళ్లను, జైలు ఉద్యోగుల్ని పేరు పెట్టి మరీ బయట ఉంచారు. కరీంనగర్ జైల్లో వార్డర్ అయినా, రాజమండ్రి సెంట్రల్ జైల్లో హెడ్ వార్డర్ అయినా 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టం కింద కార్మికుడి లెక్కలోకి వచ్చేవాడు కాదు. గల్ఫ్ సంగతి చెప్పనక్కర్లేదు. నేను దుబాయ్‌లో ఉన్న రోజుల్లో క్యాంపులో యూనియన్ అన్న మాటే గొంతు తగ్గించి అనేవాళ్లం. అక్కడినుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఇక్కడ యూనియన్ కార్డు చేతికిస్తే దాని విలువ నాకు తెలుసు.

అక్కా, ఇక మీ బాబు సంగతి

ప్రొబేషన్ అయ్యేదాకా పైన చెప్పిన రక్షణల్లో చాలావరకు అతనికి వర్తించవు. ఆ కాలంలో విచారణ లేకుండానే పంపేయొచ్చు. "యూనియన్ చూసుకుంటుంది" అన్న మాట ఆ తర్వాతే నిజం. అకాడమీ అయ్యాక ఏ జైల్లో వేస్తారో తెలియగానే అక్కడి డెలిగేట్ ఎవరో కనుక్కొని ఫోన్ నంబర్ పెట్టుకోమనండి. విచారణకు పిలిస్తే డెలిగేట్ వచ్చేదాకా ఆగమనండి, వచ్చాక నిజమే చెప్పమనండి. ఇలాంటి చోట్ల చాలామంది ఉద్యోగాలు పోయేది దెబ్బ కొట్టినందుకు కాదు, కొట్టినవాణ్ణి చూసి చూడలేదని రిపోర్టులో రాసినందుకు. అబద్ధపు రిపోర్టు క్రిమినల్ నేరం కూడా అవుతుంది, అక్కడ డెలిగేట్ చేయగలిగింది తక్కువ.

మీద మూత్రం, మలం కలిపి విసురుతారు ఖైదీలు కొందరు. "స్ప్లాషింగ్" అంటారు. ఇది న్యూయార్క్ చట్టంలో ఫెలనీ, అంటే పెద్ద నేరం. కానీ కేసు పెట్టాలంటే వెంటనే రాతపూర్వకంగా ఉండాలి. ఆడ ఆఫీసర్లు చాలామంది ఉన్న శాఖ ఇది, వాళ్ల మీద జరిగే లైంగిక దాడుల గురించి గట్టిగా మాట్లాడుతున్నది కూడా కోబానే. ఈ విషయాల్లో యూనియన్ చేస్తున్న పనిని నేను తక్కువ చేయను. ఇలాంటివి బయటివాళ్లకు పట్టవు.

ఇంకో సంగతి, ఇది నా పనికి దగ్గరగా ఉండేది. సిటీ చట్టం ప్రకారం రైకర్స్ 2027 ఆగస్టు 31కి మూతపడాలి. దాని బదులు బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్, మన్‌హాటన్‌లో ఒక్కో కొత్త జైలు కడుతున్నారు. ఆ గడువుకి నాలుగింటిలో ఒక్కటీ పూర్తి కాదు, కాంట్రాక్టుల్లో రాసుకున్న తేదీలే చాలా దూరం ఉన్నాయి. ఈలోగా రైకర్స్ మీద 2015 నుంచి ఫెడరల్ కోర్టు పర్యవేక్షణ ఉంది. సిటీ చెప్పింది చేయడం లేదని 2024 నవంబర్‌లో జడ్జి కోర్టు ధిక్కారం కింద తేల్చింది, 2025 మేలో బయటి మేనేజర్‌ని పెట్టాలని ఆర్డర్ ఇచ్చింది. మీ బాబు చేరేసరికి డ్యూటీ పట్టిక ఎవరు వేస్తారు, ఎవరికి ఏ పోస్ట్, ఎవరు సిక్‌లో ఉంటే ఏం చేయాలి అన్నవాటి మీద యూనియన్‌కీ ఆ మేనేజర్‌కీ మధ్య గొడవ నడుస్తూ ఉంటుంది. కొత్త జైళ్లలో మలుపులు తక్కువ, ఒకచోట నిలబడితే హాలంతా కనపడేలా గీశారు. అంటే తక్కువ పోస్టులు. పాత వాళ్లకు సీనియారిటీ మీద మంచి పోస్టులు వస్తాయి, కొత్తవాళ్లకు మిగిలినవి. రేపటి కాంట్రాక్టులో మీ బాబు లాంటి వాళ్లకు పనికొచ్చే పాయింటు ఇదే. మొదటి యూనియన్ మీటింగులోనే దీని గురించి అడగమనండి.